గోదావరి లోయలో మంచుగడ్డ – ఆలుచిప్ప సాక్ష్యము



ఇల్లందు, కొత్తగూడెము, భద్రాచలము చుట్టుపట్ల నివసించువారికి ఎండను గూర్చి ఎవరును బోధింపనక్కరలేదు. మే నెలలో వేడి 45 డిగ్రీలు దాటును. మధ్యాహ్నము ప్రార్థన కూటము పెట్టినయెడల ముసలివారు రారు. వచ్చినవారును విసనకఱ్ఱ చేత విడువరు. ఇట్టి నేలమీద ఒకప్పుడు తాటిచెట్టును మించిన మందముగల మంచుగడ్డ పరచుకొని యుండెనని ఎవరైన చెప్పినయెడల మీరు నవ్వుదురు. నేనును నవ్వితిని.

నా నవ్వు మాన్పించినది ఒక బావి. కొన్ని ఏండ్ల క్రిందట ఇల్లందు దాపున ఒక పల్లెలో గుడి ప్రక్కన బావి త్రవ్వించితిమి. పైన ఎఱ్ఱమన్ను, దానిక్రింద మొరము వచ్చినవి. అటుతరువాత పచ్చని ఛాయగల మెత్తని రాయి తగిలెను. అది పలుగు తగిలినంతనే సూదులవలె చీలికలు చీలికలుగా విడిపోవుచుండెను. విడ్డూరమేమనగా, ఆ మెత్తని రాతిలో అక్కడక్కడ గట్టి గుండ్లు పొదిగినట్లుండెను. కొన్ని కొబ్బరికాయంత, ఒకటి రెండు రుబ్బురోలంత. ఒకటి తెల్లనిది, ఒకటి ఎఱ్ఱని గ్రానైటు, ఇంకొకటి నల్లనిది. ఏ రెండును ఒక కొండవి కావు. వడ్డెరవారిలో పెద్ద ఒక గుండును చేతితో తడిమి, "ఇది ఏటి రాయి కాదు. ఏరైతే అన్ని వైపుల గుండ్రముగా చేయును. దీనికి ఒక ప్రక్క చదునుగా, ఆకురాయితో రుద్దినట్లున్నది. పైగా ఏరు రాళ్లను ఒకచోట, బురదను ఒకచోట వేయును. ఇక్కడ రెండును కలిసి యున్నవి" అనెను. చదునైన ఆ ప్రక్కమీద మేకుతో గీచినట్లు గీతలు వరుసగా కనబడెను.

సంఘపు పెద్దలలో మిక్కిలి వృద్ధుడొకడు బావి గట్టున కూర్చుండి ఇదంతయు చూచుచుండెను. ఆయన నన్ను పిలిచి, "అయ్యగారూ, ఇవి నోవహు నాటి జలప్రళయపు రాళ్లు కావా?" అని అడిగెను. నాకు జవాబు తోచలేదు. "చదివి చెప్పెదను, తాతా" అంటిని. అప్పటినుండి చదివినదానిలో కొంత ఇక్కడ మీకు చెప్పుచున్నాను.

మొదట ఇది తెలిసికొనుడి. ఆ వృద్ధుడు అడిగిన ప్రశ్న మూఢప్రశ్న కాదు. రెండువందల ఏండ్ల క్రిందట ఐరోపా ఖండములోని గొప్ప పండితులును అదే తలంచిరి. ఇంగ్లండులోను, జర్మనీలోను పొలముల నడుమ, సమీపమున అట్టి కొండయే లేనిచోట, పెద్ద పెద్ద గుండ్లు పడియుండెను. వాటిని జలప్రళయమే మోసికొని వచ్చెనని చెప్పుకొనిరి. ఆ వాదమును గట్టిగా నిలిపినవాడు విలియం బక్లండు. ఆయన గురువు, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో భూగర్భశాస్త్రము బోధించెను. 1823లో ప్రళయపు గుఱుతులను గూర్చి పెద్ద గ్రంథము వ్రాసి పేరుపొందెను.

అయితే స్విట్జర్లండు కొండలలో పెరోడిన్ అను ఒక పల్లెటూరి వేటగాడు ఉండెను. అతడు బడిలో పెద్ద చదువు చదివినవాడు కాడు. అతని ఊరిపైన మంచునది, అనగా కొండ మీదినుండి మెల్లమెల్లగా క్రిందికి జారుచుండు పెద్ద మంచుగడ్డ, ఉండెను. దానిని శాస్త్రజ్ఞులు హిమానీనదమందురు. ఆ మంచు తన అడుగున రాళ్లను బిగబట్టుకొని నేలను గీచుకొనుచు పోవుట అతడు చూచెను. మంచు చేరని దిగువ లోయలోని బండలమీదను అట్టి గీతలే కనబడినందున, ఒకప్పుడు మంచు అంతవరకు వచ్చియుండవలెనని తలంచెను. 1815లో ఈ మాటను షార్పెంటియే అను ఉప్పు గనుల అధికారికి చెప్పగా, ఆయన అది నమ్మదగిన మాట కాదని త్రోసివేసెను. ఏండ్లు గడిచిన తరువాత ఆ షార్పెంటియే తానే చూచి ఒప్పుకొని, లూయీ అగసీ అను పండితుని ఒప్పించెను. అగసీ 1837లో దీనిని లోకమునకు చాటెను. మన పల్లెటూరివారు గమనించిన సంగతులు పెద్దల చెవికెక్కుటకు ఎంతకాలము పట్టునో చూచితిరా?

బక్లండు ఏమిచేసెను? ఆయన స్విట్జర్లండు వెళ్లి కన్నులార చూచెను. 1840లో అగసీని వెంటబెట్టుకొని స్కాట్లండు కొండలు తిరిగెను. తిరిగివచ్చి, తాను ప్రళయపు గుఱుతులని వ్రాసినవి మంచు గుఱుతులని బహిరంగముగా ఒప్పుకొనెను. పదునేడు ఏండ్ల క్రిందట తన పేరు నిలిపిన పుస్తకమును తానే సవరించుకొనెను. దానివలన ఆయన తన విశ్వాసమును విడువలేదు. 1845లో వెస్ట్‌మినిస్టరు దేవాలయపు డీనుగా నియమింపబడెను. ఈయన కథ చదివిన దినమున ఆ వృద్ధునికి జవాబు చెప్పుటకు నాకు ధైర్యము వచ్చెను.

ఇక మన దేశమునకు రండి. 1856లో, అనగా అగసీ మాట ఇంకను క్రొత్తగా ఉన్నపుడే, విలియం బ్లాన్‌ఫర్డు, హెన్రీ బ్లాన్‌ఫర్డు అను అన్నదమ్ములును, వారితోకూడ థియోబాల్డు అనువాడును, ఒరిస్సాలోని తాల్చేరు బొగ్గు ప్రాంతమును పరీక్షించి వివరము ప్రకటించిరి. వారు భారత భూగర్భ పరిశోధన శాఖలో ఉద్యోగులు. సన్నని ఒండ్రులో పెద్ద గుండ్లు పొదిగియుండుట చూచి, దీనికి మంచే కారణమని వ్రాసిరి. సముద్రమునకు దగ్గరగా, ఉష్ణదేశములో, కొండలులేని చోట మంచా! అనేకులు నమ్మలేదు. ఆ రాతి పొరకు తాల్చేరు పొర అను పేరు నిలిచిపోయెను. మా బావిలో పడినది అదే పొర.

నమ్మనివారి నోరు మూయించినది గోదావరి తల్లి ఉపనది యొడ్డున దొరికెను. 1872లో థామస్ ఓల్డ్‌హాము, ఫెడ్డెను అనువారు చందా పట్టణమునకు పడమట, పెన్‌గంగ యొడ్డున ఇరాయి అను గ్రామమువద్ద ఒక సున్నపురాతి బండను చూచిరి. దానిమీద తాల్చేరు గుండ్ల పొర ఉండెను. ఆ పొర తొలగినచోట బండ నునుపై, ఒకే దిక్కునకు పొడవైన గీతలు కలిగియుండెను. రాయి కదలుచు వచ్చి గీచెననుటకు గుండుమీది గీత ఒక సాక్షి. క్రింది బండమీది గీత రెండవ సాక్షి. పెన్‌గంగ వార్ధాలో కలియును, వార్ధా ప్రాణహితలో, ప్రాణహిత గోదావరిలో. భద్రాచలము రేవులో మీరు దోసిట పట్టిన నీటిలో ఆ బండను తాకి వచ్చినది కొంత ఉండును.

సరిగా ఆ రోజులలోనే డాక్టరు విలియం కింగు మన అడవులలో తిరుగుచుండెను. 1871లో ఇల్లందు దాపున బొగ్గు ఉన్నదని ఆయన కనుగొనెను. ఆ సంవత్సరమే దుమ్ముగూడెము ఆనకట్టతో సాగిన ఎగువ గోదావరి పడవమార్గపు పనిని ప్రభుత్వమువారు విడిచిపెట్టిరి, అదియొక విచిత్రము. కింగు పదియేండ్ల పిదప, 1881లో, ప్రాణహిత గోదావరి లోయ నంతటినిగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. లోయలో అడుగున తాల్చేరు పొర, దానిపైన బొగ్గుతో కూడిన ఇసుకరాతి పొర ఉండు క్రమము నాటినుండి తెలిసిపోయెను. 1889లో ఇల్లందులో బొగ్గు తీయుట మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. మన సంఘములలో ఎన్ని కుటుంబములు బొగ్గుబాయి జీతముతో బిడ్డలను చదివించుకొనెనో మీకు తెలియును.

ఇక్కడ ఒక మాట చెప్పక పోలేను. ఈ పొరలన్నిటికిని కలిపి గోండ్వానా అను పేరు పెట్టినవాడు మెడ్లికాటు అను పరిశోధకుడు. 1872లో ఆ పేరు పెట్టెను. అది గోండుల దేశము అని అర్థము. మన అడవులలోని కోయవారు ఆ గోండులకు రక్తసంబంధులు, వారి భాషయు గోండీకి చెందినదే. తరువాత ఆస్ట్రియా పండితుడు సూయెస్, ఇండియా, ఆఫ్రికా మొదలగు భూభాగములు ఒకప్పుడు ఒకటిగా నుండెనని చెప్పి, దానిని గోండ్వానా భూమి అనెను. సంతకు వచ్చిన కోయవారిని వెనుక నిలువబెట్టు మనుష్యులు నేటికిని ఉన్నారు. వారి జాతి పేరు ప్రపంచములోని ప్రతి భూగర్భశాస్త్ర గ్రంథములో ఉన్నదని ఆ మనుష్యులకు ఎవరు చెప్పుదురు?

ఆ భూమి ఒకటిగా నుండెననుటకు ఒక ఆకు సాక్ష్యమిచ్చినది. బొగ్గుబాయిలో పనిచేసినవారు నాలుక ఆకారముగల ఆకు అచ్చు పడిన పలక రాళ్లను చూచియుందురు. దానిని గ్లాసోప్టెరిస్ అందురు. 1912లో దక్షిణ ధ్రువమునుండి తిరిగివచ్చుచు కెప్టెను స్కాటును ఆయన తోడివారును ఆకలికి, చలికి మరణించిరి. వారి బండిమీద 35 పౌనుల రాళ్లు దొరికినవి. నడువలేని స్థితిలోకూడ వారు వాటిని పారవేయలేదు. ఆ రాళ్లలో ఈ ఆకు అచ్చు ఉండెను. ఆ 1912లోనే జర్మనీ దేశస్థుడు వెగెనర్ ఖండములు కదలుచున్నవని బోధించెను. సుమారు 30 కోట్ల ఏండ్ల క్రిందట, తాల్చేరు పొర ఏర్పడుచున్నపుడు, మన భూభాగము దక్షిణ ధ్రువపు వైపున, దక్షిణ ఖండములతో అతుకుకొని యుండెనని నేడు అందరును ఒప్పుకొందురు. కనుక మంచు మన ఎండలోనికి రాలేదు; మన నేలయే మంచు దేశమునుండి ఎండలోనికి ప్రయాణము చేసి వచ్చెను.

ఇంతవరకు రాళ్లు చెప్పినది. అయితే రాయి కొన్ని సంగతులను చెప్పజాలదు. మంచు వచ్చెనని గీత చెప్పును. ఎంత చలి ఉండెను, సముద్రపు నీటిలోనుండి ఎంత భాగము మంచుగా నిలిచిపోయెను, అది ఎప్పుడు కరగి వెనుకకు తగ్గెను అని అడిగినయెడల రాయి మౌనముగా నుండును. ఆ సంగతులు చెప్పినది ఆలుచిప్ప.

మంచు కరగునపుడు సముద్రము పొంగును. మంచు బరువుచేత అంతవరకు అణగియున్న నేల వెంటనే లేవలేదు. కనుక మంచు విడిచిన పల్లములలోనికి సముద్రము జొరబడును. మధ్య భారతములో అట్లే జరిగెను. 1921లో సినోరు అను ఆయన ఉమరియా బొగ్గు ప్రాంతములో సముద్రపు గుల్లలు గల పొరను కనుగొనెను. 1954లో ఘోషు అను ఆయన మనేంద్రగఢు వద్ద, నేటి ఛత్తీస్‌గఢు రాష్ట్రములో, హస్‌దేవ్ నది యొడ్డున అట్టిదే మఱియొకటి కనుగొనెను. సముద్రమునకు వందల మైళ్ల దూరమున, అడవి నడుమ, సముద్రపు ఆలుచిప్పలు! అవి తాల్చేరు గుండ్ల పొరకు ఆనుకొని దానిపైననే ఉన్నవి. అనగా మంచు లేచిన చోటనే సముద్రము కూర్చుండెను. వాటిలో యూరిడెస్మా అను ఆలుచిప్ప ముఖ్యమైనది. దాని చిప్ప మిక్కిలి మందము. పంజాబు ఉప్పు కొండలలోను, ఆస్ట్రేలియాలోను, దక్షిణ అమెరికాలోను మంచు పొరల దాపుననే ఇది దొరకును. చల్లని నీటిని ప్రేమించిన జీవి ఇది.

ఆ చిప్పలో వ్రాత ఎక్కడ ఉన్నది? దీనిని కొంచెము ఓపికతో వినుడి. కష్టమైన సంగతియే గాని చేట పట్టిన ప్రతి తల్లికిని తెలిసిన సంగతి.

నీటిలో ప్రాణవాయువు, అనగా ఆక్సిజను, కలదు. ఆ ఆక్సిజను అణువులన్నియు ఒకే బరువు కావు. చాలభాగము తేలికవి, వాటి బరువు 16. సుమారు 500లో ఒకటి బరువైనది, దాని బరువు 18. గుణములో రెండును ఒకటే. తూకములో మాత్రమే భేదము. చేటలో ధాన్యము చెరుగునపుడు తాలు గాలికి లేచిపోవును, గట్టిగింజ చేటలో నిలుచును గదా. ఎండ సముద్రమును చెరుగునపుడును అట్లే. తేలిక నీరు కొంచెము ఎక్కువగా ఆవిరియై లేచును, బరువు నీరు కొంచెము ఎక్కువగా వెనుక నిలుచును. ఆ ఆవిరి వానయై తిరిగి సముద్రమునకు వచ్చినయెడల లెక్క సరిపోవును. మంచుకాలములో అది ధ్రువములమీద మంచుగా పడి అక్కడనే నిలిచిపోవును. తాలు గాదెలో చిక్కుకొన్నట్టే. సముద్రములో బరువు నీటి పాలు పెరుగును. మంచు కరగినపుడు తేలిక నీరు తిరిగివచ్చి ఆ పాలు తగ్గును.

ఆలుచిప్ప తన చిప్పను తాను నివసించు నీటితోనే కట్టుకొనును. సున్నములోని ఆక్సిజను ఆ నీటినుండి వచ్చినదే. కనుక ఆ దినమున సముద్రము ఎట్లుండెనో ఆ పొరలో అట్లే నిలిచిపోవును. మఱియొక సంగతి: నీరు చల్లబడినకొలది చిప్పలో బరువు ఆక్సిజను కొంచెము ఎక్కువగా చేరును.

దీనిని కనిపెట్టినవాడు అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు హెరాల్డు యూరీ. ఆయన తండ్రి బడిపంతులు, బ్రెదరన్ సంఘములో పరిచర్య చేసినవాడు. యూరీ 1934లో నోబెలు బహుమానము పొందెను. 1946లో స్విట్జర్లండులోని జూరిచ్ పట్టణమున ఉపన్యసించుచుండగా, సముద్రపు సున్నమును మంచినీటి సున్నమును వేరుపరచుటను గూర్చి ఒకరు ప్రశ్న వేసిరి. దానిని ఆలోచించుచు పోగా, ప్రాచీన సముద్రముల వేడిని కొలుచు సాధనము తన చేతిలో ఉన్నదని ఆయనకు తట్టెను. మొదట అడిగినవాని ప్రశ్న ఒకటి, దొరికిన జవాబు మఱియొకటి. ఆ భేదము వేయింటిలో ఒక పాలు, అరపాలు మాత్రమే. దానిని తూచు యంత్రము సిద్ధము చేయుటకే ఆయన బృందమునకు ఏండ్లు పట్టెను. 1951లో వారు స్కాట్లండు దగ్గర స్కై ద్వీపములో దొరికిన, కోట్ల ఏండ్లనాటి ఒక సముద్ర జీవి గట్టి గుల్లను పొరలు పొరలుగా గీకి పరీక్షించిరి. ఆ జీవి సుమారు నాలుగేండ్లు బ్రదికి, వసంతకాలములో చచ్చెనని చెప్పగలిగిరి. మా ఊరిలో చనిపోయినవారు ఏ నెలలో చనిపోయిరో యాబది ఏండ్ల తరువాత చెప్పుటకు సమాధిరాయి కావలెను. ఆ జీవికి దాని గుల్లయే సమాధిరాయి.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నదని మీలో తెలివైనవారు ఇదివరకే గ్రహించియుందురు. నీరు చల్లబడినను చిప్ప బరువెక్కును. మంచు పెరిగినను బరువెక్కును. రెండింటి గుఱుతును ఒకటే. వానలో తడిసిన పత్తి బస్తాను కాటామీద పెట్టినట్లుండును: తూకము సరియే, గాని అందులో పత్తి ఎంత, నీరు ఎంత? 1955లో ఎమిలియానీ అనువాడు సముద్రపు అడుగు బురదలోని ఫొరామినిఫెరా అను అతిసూక్ష్మ జీవుల గుల్లలను తూచి, మార్పు ఎక్కువగా నీటి చల్లదనము వలననే అనెను. 1967లో ఇంగ్లండు దేశస్థుడు నికొలస్ షాకిల్టను కాదనెను. ఆయన యుక్తి చాల సరళమైనది. సముద్రపు అడుగున నీరు ఎప్పుడును గడ్డకట్టుటకు దగ్గరి చల్లదనముతోనే ఉండును. అది ఇంకను ఎంతో చల్లబడజాలదు. కనుక అడుగున నివసించు జీవుల గుల్లలలో మార్పు స్వల్పముగా నుండవలెను. తూచి చూడగా పైనీటి జీవులలో ఎంత మార్పు ఉండెనో అడుగు జీవులలోను దాదాపు అంతే ఉండెను. అట్లయిన ఆ మార్పులో ఎక్కువ పాలు మంచుదే. 20,000 ఏండ్ల క్రిందటి మంచుకాలములో సముద్రము నేటికంటె సుమారు 120 మీటర్లు క్రిందికి దిగియుండెను. ఆ తరువాత మంచు వెనుకకు తగ్గిన క్రమమునంతయు ఈ గుల్లలలో వరుసగా చదువగలిగిరి.

ఇది నిన్న మొన్నటి మంచు. మన తాల్చేరు మంచు 30 కోట్ల ఏండ్లనాటిది. అంత పాత చిప్పలో భూమిలోని నీరు చేరి తూకమును మార్చివేసియుండవచ్చును. బూజు పట్టిన దస్తావేజువంటిదే. కనుక ముందుగా చిప్ప చెడిపోలేదని రూఢిపరచుకొని పిమ్మట తూచుదురు. 2008లో కోర్టె మొదలగు పండితులు ఆస్ట్రేలియాలోని ఆ యుగపు గుల్లలను పరీక్షించిరి. ఆ యుగపు మొదటి భాగములోని గుల్లలు బరువైనవి, తరువాతివి తేలికైనవి. అనగా గోండ్వానా మంచు కరగి, తేలిక నీరు సముద్రమునకు తిరిగివచ్చెను, సముద్రమును వెచ్చనయ్యెను. 2010లో లిండా ఐవనీ, బ్రూస్ రన్నెగర్ అనువారు ఆస్ట్రేలియాలోనే మన మనేంద్రగఢు ఆలుచిప్పకు చుట్టమైన యూరిడెస్మాను తీసికొని, దాని మందమైన చిప్పలోని ఎదుగుదల గీతలను ఒక్కొక్కటిగా తూచిరి. వేసవి ఒకటి, చలికాలము ఒకటి, మఱల వేసవి ఒకటి, వరుసగా కనబడెను. మంచు అంచున, గడ్డకట్టుటకు సిద్ధముగా నున్న నీటిలో ఆ జీవి ఎన్ని ఋతువులు గడిపెనో అది తన ఇంటి గోడమీద గీచుకొనిపోయెను.

"మన లోయలోని పొరలో చిప్పలు లేవా?" అని అడుగుదురు. సముద్రపు గుల్లల పొరలు పేరుగాంచినది ఉమరియా, మనేంద్రగఢు వైపుననే. అయితే ఆలుచిప్ప లేనిచోట సున్నపు ముద్దలు సాక్ష్యమిచ్చినవి. 2002లో భట్టాచార్య మొదలగు మన దేశపు పరిశోధకులు తూర్పు మధ్య భారతములోని తాల్చేరు పొరలలో ఏర్పడిన సున్నపు ముద్దలను ఇదే రీతిగా తూచిరి. వాటిలోని ఆక్సిజను మిక్కిలి తేలికది. సముద్రములో ఏర్పడినయెడల అంత తేలికగా నుండదు. అవి మంచు కరగిన నీటి చెరువులలో ఏర్పడెనని వారు తేల్చిరి. ఒకచోట సముద్రము జొరబడెను, ఒకచోట మంచినీటి చెరువులు నిలిచెను. ఆ భేదమును ఒకే త్రాసు చెప్పెను. యూరీని జూరిచ్‌లో అడిగిన ప్రశ్న ఇదే గదా!

మంచు తగ్గినచోట ఆ చెరువులు పూడి చిత్తడి నేలలయ్యెను. వాటిలో గ్లాసోప్టెరిస్ చెట్లు పెరిగి, పడి, బురదలో మునిగి, లక్షల ఏండ్లు ఒకదానిమీద ఒకటి పేరుకొనెను. అదే ఇల్లందు, కొత్తగూడెము, మణుగూరు బొగ్గు. మంచు వెనుకకు పోకపోయినయెడల ఆ అడవి లేదు, బొగ్గు లేదు. బొగ్గుబాయిలోనికి దిగి తిరిగిరానివారి పేర్లు మన సంఘపు పుస్తకములలో ఉన్నవి. వారు తట్టలకెత్తినది ఆ మంచు విడిచిన నేలమీది అడవినే. ఆ బొగ్గు కాల్చిన పొగ నేడు ఉన్న మంచును కరగించుచున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. గ్రీన్‌లండు, దక్షిణ ధ్రువపు మంచునుండి తేలిక నీరు మఱల సముద్రమునకు చేరుచున్నది. నేను దీనిని బొగ్గుబాయి వారిని నిందించుటకు వ్రాయలేదు. ఆ బొగ్గు వెలిగించిన దీపముక్రిందనే నేను చదువుకొంటిని.

మన గోదావరికిని తనదైన గుల్లల గ్రంథము ఒకటి కలదు. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అను ఓడ గోదావరి సముద్రములో కలియు చోటికి ఎదురుగా, వెయ్యి మీటర్లు దాటిన లోతున, అడుగు బురదలో గొట్టము దింపి మట్టిని పైకి తీసెను. ఆ ఓడ వచ్చినది మంచువలె గడ్డకట్టిన వాయువును వెదకుటకు. దొరికిన బురద చరిత్రకు ఉపయోగపడెను. అందులో సుమారు 11,000 ఏండ్ల ఒండ్రు ఉన్నది, అనగా ఉత్తరదేశముల మంచు ఇంకను పూర్తిగా కరగని కాలమునుండి నేటివరకు. నీటిలో తేలుచు బ్రదికిన ఫొరామినిఫెరా గుల్లలును, గోదావరి కొట్టుకొని తెచ్చిన ఆకుల మైనమును అందులో కలిసి యున్నవి. ఆ ఆకులు మన అడవులవి, మనకు ఎగువనున్న దక్కను మెట్టలవి. 2012లో పాంటను మొదలగువారు వాటిని పరీక్షించి వ్రాసిరి: సుమారు 4,000 ఏండ్ల క్రిందటినుండి 1,700 ఏండ్ల క్రిందటివరకు మధ్య భారతములో ఎండకు ఓర్చు మొక్కలు క్రమక్రమముగా పెరుగుచు వచ్చెను, ఆ తరువాతను అవే నిలిచెను. వానలు తగ్గుటయు, నదినుండి సముద్రమునకు పోవు మంచినీరు తగ్గుటయు గుల్లలు చూపినవి.

1986 ఆగస్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులు లేచెను; 2022 జూలైలో 71.3 అడుగులు. ఊళ్లు మునిగి, మన సంఘములవారు బడులలో తలదాచుకొనిన దినములవి. ఆ నీరంతయు సముద్రమునకు పోయెను. ఆవగింజలో సగములేని ఆ జీవులు ఆ నీటిలో కొంత తమ గోడలలో కలుపుకొని అడుగున పడియుండును.

ఆ వృద్ధునికి ఇదంతయు ఒక సాయంకాలము చెప్పితిని. ఆయన మధ్యలో రెండు మారులు ఆపి అడిగెను: ఒకటి, ఆ గురువు తన పుస్తకము తప్పని ఒప్పుకొనినప్పుడు సంఘమువారు ఏమనిరి, రెండవది, ఆలుచిప్ప ఎన్ని ఏండ్లు బ్రదుకును. మొదటిదానికి, ఆయనను డీనుగా చేసిరని చెప్పితిని. రెండవదానికి, కొన్ని ఏండ్లు అంటిని. ఆయన చాలసేపు ఏమియు అనలేదు.

బావిలో నీరు పడినది. మే నెలలోను నాలుగు బారల లోతున ఉండును. గీతలుగల ఆ గుండును బావి గట్టున వేసితిమి. స్త్రీలు దానిమీద బట్టలుదుకుచుండిరి. ఆ పెద్దాయన మనుమలను పిలిచి, గీతలు అరిగిపోకుండ ఆ వైపును క్రిందికి త్రిప్పించెను.